పెదబయలు పిల్లలకు గ్రూప్ థియరీ: ఎందుకు, ఎలా

ఏజెన్సీ కొండల్లోని పెదబయలు మండలంలో ఇంటర్ ఎంపీసీ పూర్తి చేసిన పిల్లలు డిగ్రీ కోసం పాడేరు వెళ్తారు. కొందరు అరకు వెళ్తారు, ఇంకొందరు ఘాట్ దిగి విశాఖ చేరతారు. వీళ్లలో బీఎస్సీ గణితం తీసుకున్నవాళ్లకి మొదటి ఏడాది అంత కొత్తగా అనిపించదు. డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, సాలిడ్ జామెట్రీ ఎంత కష్టమైనా లెక్కల్లాగే ఉంటాయి. సూత్రం వేసి మెట్టు మెట్టుగా చేసుకుంటూ పోతే జవాబు వస్తుంది. రెండో ఏడాది అబ్‌స్ట్రాక్ట్ ఆల్జీబ్రా పుస్తకం తెరిస్తే మాత్రం మొదటి పాఠంలో అంకెలే అరుదు. 'జి ఒక శూన్యేతర సమితి అనుకుందాం' అని మొదలుపెట్టి, నాలుగు నియమాలు చెప్పి, ఇక వాటి నుంచే అన్నీ రాబట్టమంటుంది. గణితమంటే ఇదీ అని చిన్నప్పటి నుంచి అలవాటైనదంతా అక్కడ ఉన్నట్టుండి మారిపోతుంది.

మన రాష్ట్రంలో ఈ పేపరు చాలాకాలంగా ఉన్నదే. వార్షిక పరీక్షల కాలంలో రెండో సంవత్సరంలో రియల్ అనాలిసిస్‌తో కలిసి ఉండేది. 2015-16లో సెమిస్టర్లు వచ్చాక మూడో సెమిస్టర్‌లో విడి పేపరైంది. 2023-24లో మొదలైన సింగిల్ మేజర్ పద్ధతిలో గ్రూప్ థియరీ, రింగ్ థియరీ రెండు వేర్వేరు కోర్సులయ్యాయి. విషయం దాదాపు అదే: గ్రూపులు, సబ్‌గ్రూపులు, కోసెట్లు, లగ్రాంజ్ సిద్ధాంతం, నార్మల్ సబ్‌గ్రూపులు, హోమోమార్ఫిజం, ప్రస్తారాలు, చక్రీయ గ్రూపులు, ఆపైన రింగులు. మారింది చదివేవాళ్లు. ఇదివరకు ఎంపీసీ గ్రూపులో చేరిన ప్రతి ఒక్కరూ, భౌతికశాస్త్రం మీద మనసున్నవాళ్లు కూడా, ఈ పేపరు దాటి వెళ్లాల్సిందే. ఇప్పుడు గణితాన్ని మేజర్‌గా ఎంచుకున్నవాళ్లకే ఇది పూర్తిగా అందుతోంది.

ఏజెన్సీ చదువుల గురించి చర్చ వచ్చినప్పుడల్లా ఒక మాట వినిపిస్తుంది. కొండ ప్రాంతం పిల్లలకు ఇంత నైరూప్యమైన చదువు దేనికి, నాలుగు రాళ్లు తెచ్చే నైపుణ్యాలు నేర్పితే చాలదా అని. దయతో అన్నట్టే ఉన్నా ఈ మాట ఆ పిల్లల శక్తిని ముందే తక్కువగా లెక్కగట్టేసింది. నేను దీన్ని ఒప్పుకోను. ఈ పేపరులో తీసెయ్యాల్సిన పాఠం ఒక్కటీ లేదు. మార్చాల్సినవి పాఠం నడిచే వేగం, ప్రశ్నపత్రం, తరగతిలో మాట్లాడే భాష.

ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. ఈ పేపరు దగ్గర తడబడేది పెదబయలు పిల్లలే కాదు. ఎడ్ డుబిన్‌స్కీ, ఆయన సహపరిశోధకులు 1994లో గ్రూప్ థియరీ నేర్చుకోవడంపై ఒక ముఖ్యమైన వ్యాసం ప్రచురించారు. గ్రూపు అంటే సమితి మాత్రమేనని, దాని మీద ఉన్న పరిక్రియ పైపై అలంకారమని విద్యార్థులు అనుకుంటారని, కోసెట్ల దగ్గరకు, కోషెంట్ గ్రూపు దగ్గరకు వచ్చేసరికి చాలామంది ఆగిపోతారని వాళ్లు గమనించారు. 1996లో ఒరిట్ హజ్జాన్, ఉరి లెరాన్ మరింత సూటి ప్రశ్న వేశారు. మాడ్యులో 3 సంకలన గ్రూపు మాడ్యులో 6 సంకలన గ్రూపుకు సబ్‌గ్రూపు అవుతుందా? చాలామంది అవుతుందన్నారు. కారణం అడిగితే వాళ్లలో కొందరు, ఆరును మూడు భాగిస్తుంది కాబట్టి, ఇది లగ్రాంజ్ సిద్ధాంతం అన్నారు.

ఈ తప్పు దగ్గర కాసేపు ఆగాలి. 0, 1, 2, 3, 4, 5 తీసుకుని, కూడగా ఆరు గానీ అంతకు మించి గానీ వస్తే ఆరు తీసేద్దాం. అందులోంచి 0, 1, 2 మాత్రమే విడదీస్తే ఒకటి, రెండు కలిపి మూడవుతుంది. మూడు ఆ జాబితాలో లేదు. మాడ్యులో 3లో ఒకటి, రెండు కలిస్తే సున్నా, ఇక్కడ మూడు. పరిక్రియ వేరైపోయింది కనుక అది సబ్‌గ్రూపు కాదు. 0, 2, 4 తీసుకుంటే మాత్రం సరిపోతుంది, అది మాడ్యులో 3కి అచ్చంగా ప్రతిరూపం కూడా. పైగా లగ్రాంజ్ చెప్పింది ఒకవైపు మాట: సబ్‌గ్రూపు అయితే దాని పరిమాణం పెద్ద గ్రూపు పరిమాణాన్ని భాగిస్తుంది. భాగించినంత మాత్రాన సబ్‌గ్రూపు అయిపోదు. సిద్ధాంతాన్ని పది మార్కులకు పొల్లు పోకుండా రాయగలిగిన విద్యార్థి కూడా ఈ చిన్న ప్రశ్న దగ్గర బోల్తా పడవచ్చు. మన ప్రశ్నపత్రాలు మొదటిదాన్ని అడుగుతాయి, రెండోదాన్ని అడగవు. అందుకే ఏ పిల్లకు అర్థమైందో, ఏ పిల్లవాడు బట్టీ పట్టాడో మనకు తెలియకుండానే సెమిస్టర్ దాటిపోతోంది.

ఎలా నేర్పాలన్న దానిపై పాత తగాదా ఒకటుంది. నిర్వచనం, సిద్ధాంతం, నిరూపణ, ఉదాహరణ అనే వరుస వాన్ డెర్ వార్డెన్ పుస్తకం (1930-31) నుంచి స్థిరపడింది. ఎమ్మీ నోతర్, ఎమిల్ ఆర్టిన్‌ల ఉపన్యాసాల ఆధారంగా వచ్చిన ఆ పుస్తకం విషయాన్నంతా ఒక క్రమంలో పెట్టింది. పరిశోధకుడికి అది వరం. కొత్తగా వచ్చినవాడికి అదే క్రమం తలకిందులుగా కనిపిస్తుంది. అసలు కథ ఎక్కడో మొదలైంది. 1770 ప్రాంతంలో లగ్రాంజ్ సమీకరణాల మూలాలను అటూ ఇటూ మార్చి చూశాడు, ఇరవయ్యేళ్లకే 1832లో చనిపోయిన గాల్వా రాతలను లియోవిల్ 1846లో అచ్చు వేయించాడు, 1854లో కేలీ గ్రూపుకు సాధారణ నిర్వచనం ఇవ్వబోయాడు. మనం మాత్రం చివరికి వచ్చినదాన్ని మొదటి గంటలోనే చెప్పేస్తున్నాం. అమెరికాలో షాన్ లార్సెన్ వంటివాళ్లు దీన్ని తిప్పి, సమబాహు త్రిభుజం సౌష్ఠవాలతో మొదలుపెట్టి నియమాలను విద్యార్థుల చేతే రాబట్టే పద్ధతి తయారు చేశారు. పాడేరులో ఈ పాఠానికి కంప్యూటర్ ల్యాబ్ అక్కర్లేదు. ఒక అట్టముక్క, కత్తెర ఉంటే చాలు.

అట్టతో సమబాహు త్రిభుజం కత్తిరించి మూలలకు రెండు వైపులా 1, 2, 3 అని రాయాలి. త్రిభుజం తన చోట తాను సరిగ్గా కూర్చునేలా చేయగల కదలికలు ఆరే. కదపకుండా ఉంచడం, ఒకసారి తిప్పడం, రెండుసార్లు తిప్పడం, మిగిలిన మూడు బోర్లింపుతో కలిసి వచ్చేవి. బోర్లించడమంటే పైనున్న మూల పైనే ఉండేలా తిరగేయడం. ఇప్పుడు తిప్పి బోర్లించి ఒకసారి, బోర్లించి తిప్పి ఒకసారి చూస్తే, పైన నిలిచిన అంకె రెండుసార్లూ ఒకటి కాదు. స్థిత్యంతర ధర్మం ఇక్కడ లేదని పిల్లలు కళ్లారా చూస్తారు.

అసలు లాభం ఆ తర్వాత. 'కదపకుండా ఉంచడం, బోర్లించడం' ఈ రెండూ ఒక సబ్‌గ్రూపు. ముందు తిప్పి ఆ తర్వాత ఈ రెంటినీ వాడితే వచ్చే కోసెట్‌లో 'తిప్పు', 'తిప్పి బోర్లించు' ఉంటాయి. ముందు ఈ రెంటినీ వాడి ఆ తర్వాత తిప్పితే 'తిప్పు', 'బోర్లించి తిప్పు' వస్తాయి. రెండు జాబితాలూ కలవవు. ఎడమ కోసెట్, కుడి కోసెట్ వేరు కావడమంటే ఇదే. ఇప్పుడు మూడు తిప్పుళ్లనూ సబ్‌గ్రూపుగా తీసుకుంటే ఏ వైపు నుంచి చేసినా రెండే గుంపులు: ముందు ముఖం పైకి ఉన్నవి, వెనుక ముఖం పైకి ఉన్నవి. ఎన్నిసార్లు తిప్పామో మరిచిపోయి ఏ ముఖం పైన ఉందో మాత్రమే చూస్తే, ఆ రెండు గుంపులూ తమలో తాము ఒక బుల్లి గ్రూపులా నడుస్తాయి. అదే కోషెంట్ గ్రూపు. అదే నార్మల్ సబ్‌గ్రూపు అవసరం. ఈ పాఠానికి నాలుగు గంటలు కేటాయించే తరగతి లగ్రాంజ్ సిద్ధాంతాన్ని అరగంటలో ముగించగలదు, ఎందుకంటే కోసెట్లు సమాన పరిమాణంలో ఉంటాయని, ఒకదానిలో ఒకటి చొరబడవని అప్పటికే చేతికి తెలిసిపోయి ఉంటుంది. వేగం మార్చమని నేననేది ఇక్కడే. సిలబస్ అంతా ఒకే నడకలో నడవకూడదు. కోసెట్ నుంచి కోషెంట్ దాకా నెమ్మదిగా, మిగతాచోట్ల చురుగ్గా సాగాలి.

గ్రూపులు ముందా, రింగులు ముందా అన్నది ఇంకో వాదం. హంగర్‌ఫోర్డ్ పాఠ్యపుస్తకం పూర్ణాంకాల నుంచి మొదలై రింగుల మీదుగా గ్రూపులకు వస్తుంది. గాలియన్, హెర్‌స్టీన్ గ్రూపులతోనే మొదలుపెడతారు. మైకేల్ ఆర్టిన్ మాత్రికలను వెంటబెట్టుకుని నడుస్తాడు. తెలిసిన పూర్ణాంకాల నుంచి మొదలవడం తేలికన్న మాటలో నిజముంది. కానీ పూర్ణాంకాలు మరీ తెలిసినవి కావడం వల్ల నిరూపించాల్సింది ఏముందో పిల్లలకు కనిపించదు. మన రాష్ట్రంలో ఉన్న గ్రూపులు ముందు వరుసే, అట్ట త్రిభుజంతో మొదలయ్యేటట్టయితే, నాకు నచ్చుతుంది.

స్థానిక ఉదాహరణలు వాడాలన్న సూచన కూడా ఉంది. ధింసా నాట్యంలో వరుస తిరిగే తీరు చూపి చక్రీయ గ్రూపు చెప్పవచ్చంటారు. ఒక గంటకు అది సరదాగానే ఉంటుంది, కానీ నాట్యం గురించి గానీ గ్రూపు గురించి గానీ కొత్తగా ఏమీ తెలియదు. పెదబయలు సంతలో, రేషన్ డిపోలో, పింఛను ఇచ్చేచోట రోజూ వాడే వస్తువులోనే ఇంతకంటే లోతైన ఉదాహరణ ఉంది. అది ఆధార్ నంబరు.

ఆధార్‌లో పన్నెండు అంకెలుంటాయి. పన్నెండోది తనిఖీ అంకె, మొదటి పదకొండు అంకెల నుంచి లెక్కగట్టి పెట్టేది. దాన్ని లెక్కగట్టే పద్ధతి డచ్ గణితజ్ఞుడు యాకోబస్ వెర్హూఫ్ 1969లో చెప్పినది. మామూలు మనిషి అంకెలు రాసేటప్పుడు చేసే తప్పులు ముఖ్యంగా రెండు: ఒక అంకె తప్పు రాయడం, పక్కపక్కన ఉన్న రెండంకెలను తారుమారు చేయడం. అంకెలన్నీ కూడి పదితో భాగించగా మిగిలిన శేషం చూస్తే మొదటి తప్పు దొరుకుతుంది, రెండోది దొరకదు. కూడికలో ఏది ముందైనా ఒకటే కదా. బ్యాంకు కార్డుల్లో వాడే లున్ పద్ధతి తారుమార్లను చాలావరకు పట్టుకుంటుంది గానీ 09 బదులు 90 రాస్తే వదిలేస్తుంది. పాత పది అంకెల ఐఎస్‌బీఎన్ పదకొండుతో లెక్కగట్టి ఈ చిక్కు తప్పించుకుంది, కానీ అప్పుడప్పుడూ చివర అంకె బదులు ఎక్స్ అనే అక్షరం రాయాల్సి వచ్చింది.

వెర్హూఫ్ కూడికనే వదిలేశాడు. సమ పంచభుజికి సరిగ్గా పది కదలికలుంటాయి, అయిదు తిప్పుళ్లు, అయిదు బోర్లింపులు. 0 నుంచి 4 దాకా తిప్పుళ్లకు, 5 నుంచి 9 దాకా బోర్లింపులకు పేర్లుగా పెట్టాడు. ఈ కదలికలను కలిపే పట్టికలో 1 తర్వాత 5 చేస్తే 6 వస్తుంది, 5 తర్వాత 1 చేస్తే 9 వస్తుంది. క్రమం మారితే ఫలితం మారుతుంది కనుక ఇలాంటి తారుమారు దాగదు. అంతటితో ఆగకుండా, అంకె ఉన్న స్థానాన్ని బట్టి ఒక ప్రస్తారాన్ని మళ్లీ మళ్లీ ప్రయోగించాడు. 0 నుంచి 1, 1 నుంచి 5, అక్కణ్ణించి 8, 9, 4, 2, 7, తిరిగి 0, ఇది ఎనిమిది మూలకాల చక్రం. 3, 6 ఒకదాన్నొకటి మార్చుకుంటాయి, అది రెండింటి చక్రం. ఎనిమిది, రెండుల క.సా.గు. ఎనిమిది కాబట్టి ఎనిమిది స్థానాల తర్వాత ప్రస్తారం మొదటికి వస్తుంది. 'కింది ప్రస్తారాన్ని వియుక్త చక్రాల లబ్ధంగా రాసి దాని క్రమాంకం కనుక్కోండి' అనే ప్రశ్న ఏళ్ల తరబడి మన పేపర్లలో వస్తూనే ఉంది. అది పక్కింటి అవ్వ రేషన్ కార్డుకు కట్టిన నంబరును కాపలా కాసే లెక్క అని మన విద్యార్థులకు ఎవరూ చెప్పరు. దేశంలో మొదటి ఆధార్ నంబర్లు 2010 సెప్టెంబరులో ఇచ్చింది మహారాష్ట్ర నందుర్బార్ జిల్లాలోని టెంభలీలో, అదీ ఆదివాసీ ఊరే. పంచభుజి గ్రూపు అక్కడి నుంచి పెదబయలు దాకా ప్రతి ఇంటికీ చేరింది.

సంతలో పసుపు, మిరియాలు కొనే వ్యాపారి ముందున్న క్యూఆర్ కోడ్ సంగతీ ఇంతే. 256 మూలకాల ఫీల్డ్ మీద నడిచే రీడ్-సాలమన్ కోడ్ వల్లే దాని మీద మట్టి మరక పడినా ఫోను చదవగలుగుతుంది. అత్యధిక రక్షణ స్థాయిలో దాదాపు 30 శాతం చెడిపోయినా చదువుతుంది. రింగ్ థియరీ కోర్సులో ఫీల్డుల పాఠానికి ఇదొక్కటి చాలు.

ఇక భాష. పెదబయలు, ముంచింగిపుట్టు వైపు చాలా ఇళ్లలో ఆదివాసీ ఒడియా నడుస్తుంది, కొన్ని ఊళ్లలో కువి మాట్లాడతారు. బడిలో తెలుగు. డిగ్రీలో 2021-22 నుంచి ఇంగ్లీషు మాధ్యమం తప్పనిసరి. ప్రాథమిక తరగతుల్లో గిరిజన భాషల్లో వాచకాలు వచ్చిన మాట నిజమే గానీ, ఆ దారి చిన్న తరగతులతోనే ఆగిపోయింది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ డిగ్రీ గణితాన్ని తెలుగులో అచ్చువేసి ఒక తరం అధ్యాపకులను తయారు చేసింది. ఇప్పుడా పుస్తకాలకు పరీక్షలో చోటు లేదు. పరీక్ష ఇంగ్లీషులో రాయడానికి నాకు అభ్యంతరం లేదు, పై చదువులకు అది కావాలి. అభ్యంతరం ఆలోచన కూడా ఇంగ్లీషులోనే జరగాలనడం మీద. గ్రూపు నిర్వచనంలో చిక్కంతా ఏది ముందు, ఏది తర్వాత అన్న దగ్గరే ఉంది. తత్సమ మూలకం గ్రూపు మొత్తానికీ ఒకటే, విలోమం ఒక్కో మూలకానికి ఒక్కోటి. తెలుగులో ఒక్క వాక్యంలో తేలిపోయే ఈ తేడా, సగం అర్థమయ్యే ఇంగ్లీషు వాక్యాల్లో చదివితే నెలలు గడిచినా తేలదు. తరగతిలో పిల్లలు ఒకరికొకరు ఆదివాసీ ఒడియాలో వాదించుకుని, బోర్డు మీద తెలుగులో చెప్పి, నోట్సులో ఇంగ్లీషులో రాసుకుంటే అది లోపం కాదు. మూడు భాషల్లో చెప్పగలిగినవాడికి నిర్వచనం నిజంగా పట్టుబడినట్టే.

ఇంకో బాధ ఉంది నాకు. పాడేరు విద్యార్థి పరీక్ష రాసేది 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిధిలో. వాల్తేరులోని దాని గణిత విభాగం బీజగణితంలో తనదైన పని చేసిన చోటు. ఎన్.వి. సుబ్రహ్మణ్యం 1960లలో బూలియన్ సదిశాంతరాళాలపై రాసిన వ్యాసాలు జర్మనీ పత్రికల్లో వచ్చాయి. కె.ఎల్.ఎన్. స్వామి 1965 నుంచి లాటిస్ క్రమం ఉన్న సెమీగ్రూపుల మీద కొత్త శాఖే తెరిచారు. యు. మద్దన స్వామి, జి.సి. రావు 1981లో ఆల్మోస్ట్ డిస్ట్రిబ్యూటివ్ లాటిస్ అనే భావన ప్రవేశపెట్టారు, దాని మీద ఇప్పటికీ ప్రపంచంలో పలుచోట్ల వ్యాసాలు వస్తున్నాయి. అదే విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు 1940లలో ఆర్తోగోనల్ ఎర్రేలను రూపొందించారు. ఫైనైట్ ఫీల్డుల సాయంతో వాటిని కట్టవచ్చు. పంట ప్రయోగాల్లో ఏ మడిలో ఏ ఎరువు, ఏ రకం వేయాలో తక్కువ మళ్లతో తేల్చే పద్ధతి అది. కాఫీ తోటల నడుమ పెరిగిన పిల్లలకు ఈ మాట చెబితే చెవిన పడుతుంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన సి. ముసిలి రింగులు, మాడ్యూళ్లపై రాసిన పుస్తకం దేశమంతా చదువుతారు. మన పాఠ్యపుస్తకాల్లో మాత్రం లగ్రాంజ్, కేలీ పేర్లే ఉంటాయి. ఈ శాస్త్రం తమ విశ్వవిద్యాలయంలోనూ పెరిగిందని తెలిసిన విద్యార్థి దాన్ని పరాయి సొత్తుగా చూడడు.

బయట నేర్చుకునే అవకాశాలు లేకపోలేదు. ఎస్. కుమరేశన్ 1993లో మొదలుపెట్టిన ఎంటీటీఎస్ అనే గణిత వేసవి శిబిరాల్లో ప్రశ్నలతోనే పాఠం నడుస్తుంది. ఎంపికైనవాళ్లకి అది జీవితాన్ని మలుపు తిప్పే నెల. అయితే అక్కడికి చేరాలంటే ముందు కాలేజీలో ఎవరో ఒకరు దాని పేరు చెప్పాలి, దరఖాస్తు రాయించాలి. ఎన్‌పీటీఈఎల్ వీడియోలు ఉచితమే గానీ, సిగ్నల్ కోసం ఎత్తు వెతుక్కునే ఊళ్లలో గంట పాఠం చూడటం అంత తేలిక కాదు. తరగతి గదికి ఇవి తోడుగా పనికొస్తాయి, బదులుగా పనికిరావు.

ఈ పేపరు ఎందుకన్న ప్రశ్నకు నా దృష్టిలో అన్నిటికంటే బలమైన జవాబు బడిలోనే ఉంది. ఏజెన్సీలో గణితం చదివిన చాలామంది బీఈడీ చేసి టీచరు కొలువు ఆశిస్తారు. షెడ్యూల్డ్ ప్రాంతంలో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీవో నంబర్ 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టేసింది. అయినా పిల్లల భాష తెలిసిన టీచరు ఆశ్రమ పాఠశాలకు ఎంత అవసరమో అక్కడ చదివినవాళ్లకు తెలుసు. విశ్వవిద్యాలయంలో చేరినవాడు బడి గణితాన్ని మరిచిపోతాడు, బడికి తిరిగి వచ్చాక విశ్వవిద్యాలయ గణితాన్ని మరిచిపోతాడు అని ఫెలిక్స్ క్లైన్ 1908లోనే వాపోయాడు. మన దగ్గర ఆ అగాధాన్ని పూడ్చడం నిజానికి సులువు. సంవృత ధర్మం, సహచర ధర్మం, తత్సమాంశం, విలోమం అన్నవన్నీ మన ఉన్నత పాఠశాల గణిత పుస్తకాల్లో పూర్ణాంకాల దగ్గర ఉన్న మాటలే. గ్రూప్ థియరీ మొదటి పేజీ కూడా అవే.

రుణాన్ని రుణంతో గుణిస్తే ధనం ఎందుకవుతుందని ఏడో తరగతి పిల్ల అడిగితే 'రూల్ అంతే' అనడం మన బళ్లలో మామూలు. రింగ్ థియరీలో ఇది మొదటి సిద్ధాంతాల్లో ఒకటి, నిరూపణ నాలుగు వరుసలు. ఒకటికి మైనస్ ఒకటి కలిపితే సున్నా. ఆ మొత్తాన్ని మైనస్ ఒకటితో గుణించినా సున్నాయే. విభాగ న్యాయంతో విడదీస్తే, మైనస్ ఒకటికి 'మైనస్ ఒకటి ఇంటు మైనస్ ఒకటి' కలిపితే సున్నా అని తేలుతుంది. మైనస్ ఒకటికి ఒకటి కలిపితేనే సున్నా వస్తుంది, కాబట్టి ఆ లబ్ధం ఒకటి. ఇది ఆదివాసీ ఒడియాలోనూ చెప్పవచ్చు, కువిలోనూ చెప్పవచ్చు. డిగ్రీ పేపరులో 'ఈ ఫలితాన్ని నిరూపించండి' అన్న ప్రశ్న పక్కనే 'దీన్ని ఏడో తరగతికి ఎలా చెబుతారో రాయండి' అని మరో నాలుగు మార్కులు పెట్టాలి. మాడ్యులో 3, మాడ్యులో 6ల ప్రశ్న వంటిది యూనిట్‌కు ఒకటైనా అడగాలి. సిలబస్‌లో ఒక్క అక్షరం మార్చకుండా బోర్డ్ ఆఫ్ స్టడీస్ వచ్చే సమావేశంలోనే ఈ రెండూ చేయవచ్చు.